బోరు నీళ్ల మీద ఐదు చలికాలాలు: 15 లీటర్ల గీజర్, దాని నాబ్

హనుమకొండలో, పూర్తిగా బోరు నీళ్ల మీదే నడిచిన 2000 వాట్ల గీజర్ ఇది. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వేడి తగ్గించి పెంచే నాబ్ బయటికే ఉండటం. చాలా గీజర్లలో థర్మోస్టాట్ కింది మూత లోపల దాక్కుంటుంది. కరెంటు ఆపి, స్క్రూలు విప్పి, స్క్రూడ్రైవర్‌తో తిప్పాలి కాబట్టి ఎవరూ తిప్పరు. ఇక్కడ వర్షాకాలంలో 45 డిగ్రీలు, పుష్యమాసం చలికి 55 అని చేత్తోనే పెట్టుకోవచ్చు. అంకెలను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. నల్లా తిప్పగానే వచ్చే మొదటి మగ్గులో థర్మామీటర్ ముంచితే 55 దగ్గర 59 చూపించింది.

ఇంత మెచ్చుకున్న నాబే మూడో ఏడు దెబ్బ తీసింది. ఇంటినిండా చుట్టాలున్న నెల రోజులు అది 75 మీదే ఉండిపోయింది. అలా పెంచడానికి కారణం ఉంది. బయటి నీళ్లు 20 డిగ్రీలున్నప్పుడు, 55 దాకా కాగిన 15 లీటర్లకు చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల తానం నీళ్లు 26 లీటర్లే వస్తాయి. 75 దాకా కాగితే 41 లీటర్లు, అంటే రెండు బకెట్లు. కానీ 60 దాటేకొద్దీ బోరు నీళ్లలోని సున్నం, నీళ్లు కాచే ఎలిమెంట్ మీద గట్టిగా గార కడుతుంది. మనది గ్రానైటు నేల, బోరు నీళ్లకు సున్నం తక్కువ కాదు.

ఆ తర్వాత గీజర్ వేసిన ఐదారు నిమిషాలకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోవడం మొదలైంది. చల్లగా ఉన్నప్పుడు పడదు. వచ్చిన మెకానిక్ మల్టీమీటర్ పెడితే ఎలిమెంట్ 26 ఓమ్‌లు చూపించింది. 230 వోల్టుల మీద 2000 వాట్లకు రావాల్సిన లెక్క అదే కాబట్టి కాయిల్ బాగుందని చెప్పి థర్మోస్టాట్ మార్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ పడింది. మల్టీమీటర్ ఇచ్చే కొద్ది వోల్టేజీకి లీకేజీ బయటపడదు. 500 వోల్టులు పంపి లీకేజీ పట్టే మెగ్గర్‌ను టెర్మినల్‌కూ ఎలిమెంట్ పై గొట్టానికీ మధ్య పెట్టినప్పుడే అసలు సంగతి తెలిసింది. గార పొర వేడిని నీళ్లలోకి పోనివ్వక గొట్టం మితిమీరి కాలింది, వెంట్రుక మందాన పగిలింది. వేడెక్కితే ఆ పగులు విచ్చుకుని, లోపల కరెంటును గొట్టానికి తగలనివ్వని మెగ్నీషియం ఆక్సైడ్ పొడిలోకి తడి దిగుతోంది. పనిచేస్తున్న థర్మోస్టాట్ అనవసరంగా పోయిందన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆర్‌సీసీబీ పడుతోందని దాన్ని తప్పించి నేరుగా కలిపే పని మాత్రం ఎవరూ చేయకండి. ఆ లీకేజీ మనిషి మీదుగా పోకుండా ఆపింది అదే.

ఉప్పునీళ్లకు తట్టుకునే పూత అని కొన్నప్పుడు గట్టిగా నమ్మాను. పూత ట్యాంకును కాపాడింది, నిజమే. ఎలిమెంట్‌ను కాపాడటం దాని పని కాదు. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం రాడ్ కూడా ఏడాదిన్నరకే పెన్సిల్ కన్నా సన్నబడింది.

అప్పటి నుంచి ఏటా బతుకమ్మ పండుగకు ముందే విప్పుతున్నాం. మెయిన్ ఆపాలి, చన్నీళ్ల వాల్వ్ కట్టేయాలి, వేన్నీళ్ల నల్లా తెరిచి గాలి పోనిచ్చి, కింద చన్నీళ్ల పైపు విప్పి ట్యాంకు ఖాళీ చేయాలి. ఎలిమెంట్ బిగించి ఉండే పళ్లెం (ఫ్లాంజ్) నట్లు విప్పి ఎలిమెంట్ బయటికి తీసి, లీటరు వేన్నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి రెండు మూడు గంటలు నానబెట్టాలి. టెర్మినళ్లు తడవకూడదు. బాత్రూమ్ యాసిడ్ వాడితే గారతో పాటు గొట్టాన్నీ తినేస్తుంది. పాత రబ్బరు వాషర్ తిరిగి వేయొద్దు, కారుతుంది. బిగించాక వేన్నీళ్ల నల్లాలో గాలి లేకుండా నీళ్లు ధారగా వచ్చేదాకా స్విచ్ ముట్టుకోవద్దు. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో మాడిపోతుంది.

కాగుతున్నప్పుడు సేఫ్టీ వాల్వ్ దగ్గర రెండు మూడు చుక్కలు పడటం లోపం కాదు, వేడికి నీళ్లు ఉబ్బుతాయి. దాన్ని బిరడా పెట్టి మూయొద్దు. పొద్దున వోల్టేజీ 190కి పడితే 2000 వాట్ల గీజర్ 1365 వాట్లే ఇస్తుంది, 18 నిమిషాల పని 27 నిమిషాలవుతుంది. దానికి నాబ్ పెంచి లాభం లేదు.

మామూలుగా ఇద్దరముండే ఇల్లు కాబట్టి ఇది మాకు సరిపోయింది. ధర్మసాగర్ రిజర్వాయర్ నీళ్లు నల్లాకు వచ్చే ఇంట్లో ఇంత గార ఉండకపోవచ్చు, ఈ తిప్పలూ ఉండకపోవచ్చు. నలుగురైదుగురు వరుసగా తానాలు చేసే ఇంటికైతే 25 లీటర్లది తీసుకుని నాబ్ 55 దాటనివ్వకుండా వాడుకోవడం మేలు. ఎంతది కొన్నా, గోడకు బిగించేటప్పుడే కింద ఒక అడుగు ఖాళీ వదిలించుకోండి. ఎలిమెంట్ కిందికే దిగాలి. మా దాని కింద పైపు అడ్డం ఉండటంతో, ఏటా గీజర్ మొత్తం కొక్కేల మీద నుంచి దించాల్సి వస్తోంది.