వుడ్ బర్నింగా, లెదర్ పనా: సొంత ముద్ర దేనిలో పడుతుంది?

దీపావళి ముందు చెన్నైలోని పెద్ద అపార్ట్‌మెంట్లలో చేతిపనుల స్టాళ్లు పెడతారు. ఓ చుట్టు తిరిగితే చెక్క మీద కాల్చిన బుద్ధుడి ముఖం నాలుగు బల్లల మీద కనిపిస్తుంది. గోధుమరంగు లెదర్ పర్సు ఇంకో నాలుగింటి మీద ఉంటుంది. పని శుభ్రంగానే ఉంటుంది, వంక పెట్టడానికి లేదు. కానీ బల్లల మీది పేర్లు తారుమారు చేసినా ఎవరూ కనిపెట్టలేరు.

వుడ్ బర్నింగ్, లెదర్ క్రాఫ్ట్‌లలో ఏది మొదలుపెట్టాలని అడిగేవాళ్లు చెన్నై ఐటీ కంపెనీలుండే ఓఎమ్మార్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లలో ఈమధ్య బాగా పెరిగారు. ఊరికే కాలక్షేపానికైతే రెండూ ఒకటే, ఏది చేతికందితే అది పట్టుకోవచ్చు. చూడగానే ‘ఇది ఫలానావాళ్ల చెయ్యి’ అనిపించేంత సొంత శైలి కావాలంటే మాత్రం ఈ రెండు పనులూ మనిషిని వేరువేరు చోట్ల పట్టి చూస్తాయి. చెక్క మీద శైలి గీతలో బయటపడుతుంది. తోలులో కొలతలో బయటపడుతుంది. నా లెక్కంతా దీని మీదే.

ముందు చెక్క సంగతి. వుడ్ బర్నింగ్‌లో మన చేతిలో ఉండేది వేడెక్కిన ఒక మొన, అంతే. రంగుల్లేవు, చెరిపి మళ్లీ పూసే పొరల్లేవు. మొన ఎంత వేడిగా ఉంది, చెయ్యి ఎంత నిదానంగా కదిలింది, ఎంత నొక్కాం అన్న మూడింటి మీదే బొమ్మంతా నడుస్తుంది. నిదానిస్తే గీత నల్లబడుతుంది, ఆగితే అక్కడ మచ్చ ఉబ్బుతుంది. అందుకే ఒకే ఆకును ఇద్దరు కాలిస్తే రెండు ఆకులు వస్తాయి. ఒకరు నీడను చుక్కలతో నింపుతారు, ఇంకొకరు అడ్డగీతలతో నింపుతారు, మరొకరు మొనను పడుకోబెట్టి రుద్దుతారు. ఈ అలవాటు మొదటి వారాల్లోనే తెలిసిపోతుంది. శైలి మొలక త్వరగా కనబడాలంటే ఇదే దారి.

ఖర్చూ తక్కువే. ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో మొదలుపెట్టొచ్చు. దాని మొన లావు, వేడి తగ్గించుకునే వీలుండదు, సన్నగీత రాదు. కొన్నాళ్లు దాంతో నెట్టుకొచ్చి, చెయ్యి నిజంగా అటే లాగుతోందని తెలిశాక నైక్రోమ్ తీగ మొనలు ఉండి వేడి పెంచి తగ్గించుకోగలిగే బర్నింగ్ మిషన్ కొనుక్కుంటే చాలు. ప్రాక్టీసుకు ముక్కలు కార్పెంటర్ షాపులో అడిగితే ఇస్తారు. రంగు వేసినవి, పాలిష్ కొట్టినవి, చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన ఎమ్‌డీఎఫ్ ముక్కలు మాత్రం కాల్చకూడదు. ఆ పొగ ఒంటికి మంచిది కాదు.

చెక్క ఎంపికలో చాలామంది పైన్ దగ్గర చిక్కుకుంటారు, చవగ్గా దొరుకుతుంది కాబట్టి. పైన్‌లో మెత్తటి పట్టీ, గట్టి పట్టీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. మొన మెత్తటి చోట దిగబడుతుంది, గట్టి చోట జారుతుంది, గీత గుంతల రోడ్డు మీద ఆటోలా పోతుంది. టేకు మీద కాల్చింది సరిగా కనబడదు, అసలు రంగే ముదురు. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర లేతగా, గ్రెయిన్ (చెక్కలోని నార గీతలు) సన్నగా ఉంటుంది. కొండపల్లి వాళ్లు వాడే తెల్ల పొణికి ఇంకా తేలిక, ఇంకా మెత్తన. ఊరికి వెళ్లినప్పుడు ఎవరైనా నాలుగు ముక్కలు తెచ్చిపెడితే వద్దనకండి.

ఇక చెక్కలో ఉచ్చు. అది కార్బన్ పేపర్. నెట్‌లో బొమ్మ తీసుకుని, చెక్క మీదికి ఎక్కించి, ఆ గీతల మీదే కాల్చడం అందరూ చేసేదే. నేర్చుకునేటప్పుడు తప్పు లేదు. ఏళ్ల తరబడి అదే చేస్తే మిగిలేది వేరేవాళ్ల గీతే. పైగా లేజర్ మిషన్ ఆ పనిని మనకన్నా వేగంగా, చవగ్గా, తేడా లేకుండా చేసిపెడుతోంది. ఇంటి పేరు పలకల ఆర్డర్లు చాలావరకు ఇప్పుడు అటే పోతున్నాయి. లేజర్ చేయలేనిదల్లా చెయ్యి తడబడిన చోటు, చెయ్యి ధైర్యం చేసిన చోటు. ట్రేసింగ్‌లో ఆ రెండూ ఉండవు. కాబట్టి రోజూ కాగితం మీద ఏదో ఒకటి గీసే అలవాటు లేనివాళ్లకు వుడ్ బర్నింగ్ మొదట్లో ఎంత ఉత్సాహం ఇచ్చినా తరవాత అంతే నిరాశ మిగులుస్తుంది. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి.

లెదర్‌లో బొమ్మ వేయడం రాకపోయినా పర్వాలేదు. ఒక కార్డు హోల్డర్ తీసుకోండి. అంచు నుంచి కుట్టు ఎంత దూరం, కుట్టుకూ కుట్టుకూ మధ్య 3 మిల్లీమీటర్లా 4 మిల్లీమీటర్లా, దారం సన్నమా లావా, మూలలు గుండ్రమా పలకా, అంచు రంగుతో మూయాలా, తేనెమైనం రాసి రుద్ది వదిలేయాలా, తోలు 1 మిల్లీమీటరా 1.2నా? ఇన్ని చిన్న నిర్ణయాలు కలిస్తేనే ఒక వస్తువు. వీటిని ప్రతిసారీ ఒకే మనసుతో తీసుకుంటూ పోతే, పదో వస్తువు దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒక ఇంటి పిల్లల్లా కనిపిస్తాయి. పెద్ద మూలలు, దట్టమైన కుట్టు, తోలు రంగుకు దారం కాస్త ఎడంగా ఉండటం, ఇలాంటి మూడు నియమాలు చాలు, నగిషీ అక్కర్లేదు.

చేతికుట్టులోనూ చెయ్యి కనబడుతుంది. సాడిల్ స్టిచ్‌లో ఒకే దారం, రెండు చివరలా రెండు సూదులు, ప్రతి రంధ్రంలోనూ రెండూ ఎదురెదురుగా దూరాలి. ఆరె (రంధ్రం పొడిచే పనిముట్టు) పొడిచిన కోణాన్ని, ఏ సూది ముందు దూరిందో దాన్ని బట్టి కుట్టు వాలు మారుతుంది. మిషన్ కుట్టులో పైదారం, కిందదారం ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒక చోట తెగితే వరస విడిపోతూ పోతుంది. సాడిల్ స్టిచ్‌లో ఒక పక్క తెగినా రెండో పక్క పట్టుకుని ఉంటుంది. కొనేవాళ్లకు ఈ తేడా చెప్పగలిగితే ధర గురించి బేరం సగం తగ్గుతుంది.

సరుకు విషయంలో చెన్నైకి సాటి లేదు. 1948లో మొదలైన సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అడయార్‌లోనే ఉంది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు కార్ఖానాల సరుకు పెరియమేట్ దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడ తమిళం తడుముకున్నా హైదరాబాదీ ఉర్దూతో పని జరిగిపోతుంది, మన తెలంగాణ పిల్లలకు అదో సుఖం. తోలును చదరపు అడుగుల్లో అమ్ముతారు. అడగాల్సిన మొదటి మాట వెజ్ టానా (చెట్ల బెరడు, కాయల సారంతో ఊరవేసినదా), క్రోమా (క్రోమియం లవణాలతో ఊరవేసినదా) అని. నీళ్ల చుక్క వేస్తే పీల్చుకుని ముదురు రంగుకు తిరిగేది చాలావరకు వెజ్ టాన్. కోసిన అంచులో లోపల నీలిబూడిద రంగు కనిపిస్తే క్రోమ్. దక్షిణాదిలో పాతకాలం వెజ్ టాన్‌కు వాడింది తంగేడు బెరడే, బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. కరక్కాయ కూడా వాడేవారు. తరవాత వాటిల్ చెట్టు సారం తంగేడు స్థానంలోకి వచ్చింది. క్రోమ్ లెదర్ మెత్తగా, రంగురంగులుగా ఉంటుంది, బ్యాగులకు బాగుంటుంది, కానీ దాని మీద నగిషీ నిలవదు, అంచు రుద్దితే మెరవదు. సొంత ముద్ర కోరుకునేవాళ్లు ధర ఎక్కువైనా వెజ్ టాన్‌కే పోవాలి.

నగిషీ పని లెదర్‌లో ఇంకో లోకం. తోలును తడిపి, కాస్త ఆరనిచ్చి, తిరిగే కత్తితో గీత కోసి, ముద్రలు పెట్టి సుత్తితో కొడతారు. ముద్రలతో కొట్టేది మచిలీపట్నం కలంకారీ అచ్చులాంటిదైతే, కత్తితో కోసేది శ్రీకాళహస్తి కలం పని. కిట్‌తోపాటు వచ్చే డిజైన్లు చాలావరకు అమెరికాలోని వయోమింగ్‌లో పుట్టిన షెరిడాన్ తరహా పూలు. అందంగానే ఉంటాయి. ఇక్కడ చెన్నై పెరంబూరులో కూర్చుని వాటినే ఎందుకు కొట్టాలో నాకు అర్థం కాదు. దానికి విరుగుడుగా మెలికల ముగ్గు పెడితే వెంటనే సొంత శైలి అయిపోతుందనుకోవడమూ తొందరపాటే. ముగ్గు అందరిదీ. ఆ మెలికను మీరు ఎక్కడ వదులు చేశారు, ఎంత ఖాళీ ఉంచారు అన్నదే మీది.

తెలుగు అక్షరాల విషయంలో రెండు పనులకూ మధ్య ఉన్న తేడా నాకు బాగా ఇష్టం. మన అక్షరం గుండ్రం. చెక్క మీద ఒక ‘ం’ కాల్చినా మొన గ్రెయిన్‌కు వెంట పోతుంది, అడ్డం వస్తుంది, మళ్లీ వెంట పోతుంది, చుట్టు పూర్తయ్యేసరికి గీత లావు మారుతూ ఉంటుంది. తోలుకు చెక్కలా గ్రెయిన్ అడ్డు లేదు, తిరిగే కత్తి వంపుకు సాఫీగా తిరుగుతుంది. అయితే కత్తి అంచుకు వెడల్పు ఉంటుంది కాబట్టి అంగుళం లోపు అక్షరాల్లో తలకట్టు, సుడి చేజారతాయి. చిన్న అక్షరాలకు ఏటవాలు సన్న అంచు కత్తి వేరే కావాలి. పెద్ద అక్షరాలైతే లెదర్ గెలుస్తుంది. చిన్నవైతే నిదానంగా చేసే వుడ్ బర్నింగే మేలు, ఆ లావు తేడాలను కూడా అందంగా వాడుకోగలిగితే.

తప్పుల సంగతీ చూడాలి. చెక్క మీద లేతగా కాలిన గీతను బ్లేడుతో గీకొచ్చు, సాండ్‌పేపర్ పట్టొచ్చు. తడి తోలు మీద గోరు తగిలినా ముద్ర పడిపోతుంది, కోసింది కోసినట్టే. మళ్లీమళ్లీ ప్రయోగం చేయడానికి చెక్కే దయగలది. ఇక ఫ్లాట్లలో బతుకు: వుడ్ బర్నింగ్‌కు పొగ, ఫ్యాన్ వేస్తే మొన చల్లబడుతుంది, ఆపేస్తే చెన్నై మే నెలలో మనం కరిగిపోతాం. లెదర్ నగిషీకి సుత్తి చప్పుడు, రాత్రి తొమ్మిది దాటితే కింది ఫ్లాట్ ఆంటీ పైకి వస్తుంది. కుట్టుపనికి మాత్రం ఏ గొడవా లేదు, టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు. నవంబరు వానల్లో వెజ్ టాన్‌కు బూజు పడుతుంది, ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచకూడదు, గాలి ఆడాలి. ఎండ తగిలే గోడ మీద పెడితే కాల్చిన బొమ్మ కొన్నేళ్లకు వెలవెలబోతుంది. లెదర్ ఎండకూ చేతి నూనెకూ ముదురుతుంది, అది జనానికి నచ్చుతుంది కూడా.

శైలి ఎప్పుడూ ఒక మనిషిదే అయి ఉండాలా అనే ప్రశ్న కూడా ఉంది. అనంతపురం వైపు ఉన్న నిమ్మలకుంట ఊరి తోలుబొమ్మల్లో నగలను ఉలితో పొడిచిన రంధ్రాలతోనే చూపిస్తారు, పల్చటి తోలులోంచి వెలుగు వచ్చేలా. అది తరాలుగా కుటుంబాల్లో నలిగిన శైలి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ దీపాల తెరలు కూడా చేస్తున్నారు. వస్తువు మారినా రంధ్రాల భాష మారలేదు, చూడగానే ఎక్కడిదో తెలుస్తుంది. సొంత శైలి వెతికేవాళ్లు ఏటా కొత్త టెక్నిక్ పట్టుకోవడం మానేసి, ఒక్క పనిని ఇలా ఎంతకాలం లాగగలరో చూసుకోవాలి.

రెండూ కలపొచ్చు కదా అంటారు. కలపొచ్చు, వెజ్ టాన్ మీద తక్కువ వేడితో కాలిస్తే చక్కటి గోధుమరంగు గీత వస్తుంది. చెక్కకు పెట్టే వేడి పెడితే తోలు ముడుచుకుంటుంది, కంపు కొడుతుంది. క్రోమ్ లెదర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చొద్దు, అందులోని క్రోమియం విషరూపంలోకి మారే ప్రమాదం ఉంది. ఈ మూడో దారి మొదటి ఏడాది వాళ్లకు కాదు. గీతా రాదు, కుట్టూ రాదు, రెండు లోపాలూ ఒకే పర్సు మీద కనబడతాయి.

నన్ను తేల్చి చెప్పమంటే: స్కెచ్ పుస్తకం నిండుతూ ఉండేవాళ్లు వుడ్ బర్నింగ్ తీసుకోండి, ఒకే మొన పెట్టుకుని, కార్బన్ పేపర్ ఇంట్లో లేకుండా చేసుకుని. మిగతావాళ్లు, అంటే మనలో ఎక్కువమంది, చెన్నైలో ఉన్నంతకాలం లెదర్ వైపే రండి. బెంగళూరులో ఉంటే దగ్గర్లోనే చన్నపట్నం చెక్కబొమ్మల పనివాళ్లు ఉన్నారు కాబట్టి త్రాసు కాస్త అటు మొగ్గేదేమో. ఇక్కడ మాత్రం ఒక శనివారం పొద్దున పెరియమేట్ వెళ్లి 1.2 మిల్లీమీటర్ల వెజ్ టాన్ రెండు చదరపు అడుగులు కోయించుకుని, ఒకే కార్డు హోల్డర్‌ను ఆ ముక్క అయిపోయేదాకా కుట్టండి.