క్యాబిన్ బ్యాగులోకి ట్రిమ్మర్: బ్లేడు కన్నా ముందు స్విచ్ చూడండి

విమాన ప్రయాణాలకని విడిగా ఒక చిన్న ట్రిమ్మర్ కొనుక్కుని వాడుతున్నాను. అరచేతిలో పట్టేస్తుంది, యూఎస్‌బీ-సీ చార్జింగ్, గడ్డానికి రెండు మూడు రకాల దువ్వెనలు, పెట్టుకోవడానికి ఒక గుడ్డ సంచి. ఇలాంటివాటి రివ్యూలు చదివితే అందరూ బ్లేడు పదును గురించే రాస్తారు. పదును బాగానే ఉంది, ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం. బ్యాగులో కుక్కుకుని తిరిగే వస్తువుకి అసలు పరీక్ష స్విచ్ దగ్గరే.

దీనికి పెట్టింది మెత్తటి బటన్, పైగా కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పైన బట్టలు సర్ది, గట్టిగా అదిమి జిప్ లాగితే చాలు, ఆ ఒత్తిడికే ఆన్ అయిపోతుంది. సీటు పైన అరలో బ్యాగు బుర్రుమని మోగుతుంటే చుట్టుపక్కలవాళ్లు ఎలా చూస్తారో చెప్పక్కర్లేదు. చెక్-ఇన్ బ్యాగులో మోగితే ఇంకా తలనొప్పి, ఆ చప్పుడేంటో తేలేదాకా బ్యాగుని పక్కన పెట్టేయొచ్చు కూడా. ట్రావెల్ లాక్ ఉందని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేశారు. ఏంటా లాక్ అంటే, అదే బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది, మళ్లీ మూడు సెకన్లు నొక్కితే ఊడిపోతుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బట్టల కింద గంటల తరబడి నలిగే బటన్‌కి మూడు సెకన్లు ఒక లెక్కా? పక్కకి జరిపే స్విచ్ ఉన్నవి, మూత బిగిస్తే అసలు ఆన్ కానివి మార్కెట్లో ఉన్నాయి, అవి దీనికన్నా వెయ్యి రెట్లు నయం. నేను మాత్రం దీన్ని గట్టి కళ్లజోడు పెట్టెలో పెట్టి తీసుకెళ్తున్నాను. వాళ్లిచ్చిన గుడ్డ సంచి దువ్వెనలు దాచుకోవడానికి పనికొస్తోంది. రెండు స్టార్లు ఇక్కడే కోసేశాను.

ఇక బ్యాటరీ. లిథియం అయాన్ అనగానే సెక్యూరిటీలో ఆపేస్తారేమోనని చాలామందికి టెన్షన్. మామూలుగా ఉండే పరిమితి 100 వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే కొలత. బ్యాటరీ మీద రాసిన ఎంఏహెచ్ (mAh) అంకెని వోల్టులతో గుణించి 1000తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. దీనిది 600 ఎంఏహెచ్, 3.7 వోల్టులు, అంటే 2.22. పరిమితి దరిదాపుల్లో కూడా లేదు. అంతెందుకు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకే ఈ లెక్కన 74 దగ్గర ఆగిపోతుంది. ఈ అంకెల్ని ట్రిమ్మర్ అడుగున చదవగలిగేలా అచ్చు వేశారు, అందుకు మెచ్చుకోవాలి, ఎవరైనా అడిగితే తిప్పి చూపిస్తే సరిపోతుంది. బ్యాటరీ లోపలే బిగించి ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆపేసి, పొరపాటున ఆన్ కాకుండా ప్యాక్ చేస్తే చెక్-ఇన్‌లోనూ సాధారణంగా వేయనిస్తారు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులైతే చేతి బ్యాగులోనే ఉండాలి. నన్నడిగితే ట్రిమ్మర్ కూడా చేతి బ్యాగులోనే ఉండటం మేలు. లిథియం బ్యాటరీ అంటుకుందంటే ఒక సెల్ వేడికి పక్క సెల్ కూడా అంటుకుంటూ పోతుంది. క్యాబిన్లో అయితే పొగ రాగానే సిబ్బంది అందుకుని నీళ్లు పోసి చల్లార్చగలరు, గాల్లో ఉండగా కింద సామాన్ల దగ్గరికి ఎవరు వెళ్తారు?

బ్లేడు ఉంది కదా, పట్టుకుంటారా అని కూడా అడుగుతుంటారు. ట్రిమ్మర్లకి, ఎలక్ట్రిక్ షేవర్లకి ఆ గొడవ లేదు. బ్లేడు ప్లాస్టిక్ తలలో బిగించి ఉండే కార్ట్రిడ్జ్ రేజర్లని కూడా మామూలుగా పోనిస్తారు. చిక్కల్లా సేఫ్టీ రేజర్ వాడేవాళ్లకే, పిడి తీసుకెళ్లొచ్చు గానీ విడిగా ఉండే బ్లేడుని లోపలికి రానివ్వరు. నున్నగా గీసుకోవాలంటే నాకూ ఆ రేజరే ఇష్టం, దాని పక్కన ఈ ట్రిమ్మర్ తేలిపోతుంది. అయినా చేతి బ్యాగు ఒక్కటే పట్టుకుని వెళ్లేటప్పుడు దాని కోసం పంతం పట్టడం దండగ.

జుట్టు సరిచేసుకునే సామాన్లకి ఈ రివ్యూ వర్తించదు. వైరు ఉన్న స్ట్రెయిటనర్‌తో పేచీ లేదు, 110 వోల్టుల దేశానికో 220 వోల్టుల దేశానికో తీసుకెళ్తున్నప్పుడు అది రెండింటికీ పనికొస్తుందో లేదో చూసుకోవాలంతే. వైరు లేకుండా బ్యాటరీతో వేడెక్కేవాటికి, బ్యాటరీ ఊడదీసే వీలుండాలని కొన్ని విమాన సంస్థలు అడుగుతాయి, టికెట్ తీసుకున్న సంస్థ వెబ్‌సైట్లో ముందే చూసుకోండి. గ్యాస్‌తో పనిచేసే కర్లర్ అయితే మనిషికి ఒక్కటే, వేడెక్కే భాగానికి మూత ఉండాల్సిందే, గ్యాస్ రీఫిల్‌కి మాత్రం ససేమిరా ఒప్పుకోరు.

చార్జింగ్ విషయంలో దీనికి పేరు పెట్టలేను. ఫోన్ వైరే దీనికీ సరిపోతుంది, విడి అడాప్టర్ మొయ్యక్కర్లేదు. డబ్బాలో వచ్చిన నూనె సీసా మాత్రం నాసిరకం, మూత వదులు. అది ద్రవం కిందే లెక్క, ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లు దాటకూడదనే రూలు ఉన్నచోట మిగతా సీసాలతో పాటు పారదర్శక సంచిలోనే పెట్టాలి, అక్కడ గనక కారిందంటే టూత్‌పేస్టు దగ్గర్నుంచి అన్నీ జిడ్డే. బయల్దేరే ముందు బ్లేడు మీద రెండు చుక్కలు వేసి ఒక నిమిషం తిప్పి తుడిచేస్తే చిన్న ప్రయాణానికి సరిపోతుంది, సీసాని ఇంట్లోనే వదిలేయొచ్చు.