మడతల కాగితం ఫిల్టర్: మూడేళ్ల వాడకంలో తేలింది

మాది పెయింట్ స్ప్రే చేసే బూత్, డ్రై టైపు: గాలిలో తేలే పెయింట్ తుంపరను నీళ్లతో కాక ఫిల్టర్‌తో పడతాం. ఫిల్టర్ గోడ వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2. కొట్టే పెయింట్లు ఎక్కువగా ఎనామెల్, పీయూ (పాలీయురేథేన్). ముందు గ్లాస్‌ఫైబర్ ప్యాడ్లు ఉండేవి, మూడేళ్లుగా మడతల కాగితమే. జిగట పెయింట్లకు కాగితానిదే పైచేయి.

కాగితం రెండు పొరలు. ముందు చిల్లులకు ఎదురుగా వెనక చిల్లులుండవు. గాలి మలుపు తిరిగి పోతుంది, బరువైన తుంపర తిరగలేక లోపలి గోడకు అంటుకుంటుంది. పాత ఫిల్టర్ విప్పి చూడండి: మడతల అడుగున పెయింట్ అట్టు కట్టి ఉంటుంది, చిల్లులు మాత్రం ఇంకా తెరిచే ఉంటాయి. ప్యాడ్‌కైతే ముఖం మీదే పొర కట్టేసి గాలి ఆగిపోయేది.

త్వరగా ఆరే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్‌కు ఈ లెక్క పనికిరాదు. తుంపర దారిలోనే ఆరి పొడవుతుంది, పొడి సులువుగా మలుపు తిరిగి దాటేస్తుంది. వెనక పాలిస్టర్ ప్యాడ్ లేకపోతే అది ఫ్యాన్ రెక్కలకు పట్టి, బ్యాలెన్స్ తప్పి, బేరింగ్ పోతుంది.

బిగించేటప్పుడు కాగితం మిగుల్చుకుందామని సాగదీయొద్దు, మడత లోతు తగ్గి పెయింట్ దాటిపోతుంది. అంచుల్లో సందు ఉంటే గాలి అటే పోతుంది.

ఫిల్టర్‌కు ముందూ వెనకా గాలి ఒత్తిడి తేడాను కొలిచే మానోమీటర్ కొత్త ఫిల్టర్‌కు 3 మి.మీ. నీటిమట్టం చూపిస్తుంది, 12 దాటితే మార్చేస్తాం. వారాల తరబడి ముల్లు కదలకపోతే సంతోషపడొద్దు. బెల్టు జారుతుండొచ్చు, కాగితం చిరిగుండొచ్చు, మానోమీటర్ గొట్టం మూతి పెయింట్‌తో పూడిపోయుండొచ్చు. అందుకే నెలకోసారి గోడ ముందు తొమ్మిది చోట్ల గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ పెట్టాలి. సగటు సెకనుకు 0.5 మీటరు ఉండాలి, అంటే ఈ గోడకు గంటకు 10,800 ఘనపు మీటర్ల గాలి.

అసలు తలనొప్పి పాత ఫిల్టర్లతోనే. మూలన కుప్పేస్తే ఎనామెల్ పట్టిన కాగితం తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. తీసిన వెంటనే మూతున్న ఇనుప డ్రమ్ములో నీళ్లలో ముంచాలి, తర్వాత ప్రమాదకర వ్యర్థాల వాళ్లకే ఇవ్వాలి. ఎన్‌సీ, ఎనామెల్ ఒకే ఫిల్టర్ మీద అస్సలు కొట్టొద్దు.

థిన్నర్ ఆవిరి గానీ, పీయూ హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఆవిరి గానీ ఈ కాగితానికి ఆగవు. గన్ పట్టినవాళ్లకు బయటి గాలి అందించే మాస్క్ తప్పదు. ఫిల్టర్ ఎక్కువ రోజులు రావాలంటే ముందు గన్ ప్రెషర్ తగ్గించి చూడండి. చాలా చోట్ల కావలసినదానికన్నా ఎక్కువే పెడుతున్నారు.