గ్రైండరు పక్కన ఆడియో బైబిలు డబ్బా: వాడి చూశాక నా మాట

ముందు సరుకు సంగతి. అరచేతికి కాస్త పెద్దదైన నల్ల ప్లాస్టిక్ డబ్బా. పైన పిడి, ముందు చిల్లుల స్పీకరు, పక్కన మెమరీ కార్డు దూర్చే సందు, ఎర్ర అంకెలు వెలిగే చిన్న తెర, వేలెడంత రిమోటు. కార్డులో తెలుగు బైబిలు మొత్తం ఉంది, ఆదికాండం నుంచి ప్రకటన దాకా, ఒక్కో అధ్యాయం ఒక్కో ట్రాకు. ఆ తర్వాత ఎవరో ఎక్కించిన పాటలు. కంపెనీ పేరు అట్టపెట్టె మీద ఎక్కడా లేదు. ఖాళీ డబ్బాలు ఎక్కడినుంచో తెప్పించి, కార్డు ఎక్కించి అమ్ముతారనుకుంటా. సువార్త కూడికల దగ్గర పుస్తకాల స్టాళ్ళల్లో దొరుకుతాయి. పదహారొందలు చెప్పాడు, పద్నాలుగొందల యాభైకి ఇచ్చాడు. ఇంకో యాభై తగ్గేవాడే, మా ఆయన పక్కన నిలబడి "దేవుని వాక్యం దగ్గర బేరమేంటి" అనబట్టి ఊరుకున్నా. డబ్బులిచ్చేది డబ్బాకి గదండీ, వాక్యానికా?

మాది తెనాలిలో టిఫిన్ సెంటరు. నాలుగు బల్లలు, పార్సిళ్ళే ఎక్కువ. ఇడ్లీ పిండి ముందురోజు సాయంత్రమే రుబ్బి పెడతాం గానీ గారెలకి మినప్పప్పు, పెసరట్టుకి పెసలు పొద్దున్నే పడాలి. నాలుగింటికి గ్రైండరు వేస్తే, చట్నీలూ సాంబారూ అయ్యి నా చేతులు ఖాళీ అయ్యేసరికి ఆరు. అప్పటికే బయట గిరాకీ. పొద్దున లేవగానే అరగంట ప్రశాంతంగా కూర్చుని వాక్యం చదువుకోమని ప్రసంగాల్లో చెప్తారే, ఆ అరగంట నా పొద్దుల్లో లేదు. రాత్రి తొమ్మిదింటికి పుస్తకం తెరిస్తే రెండో వచనానికే కళ్ళు పడిపోతాయి. నిలబడి ఉన్నా, చేతులకి పిండి ఉన్నా రోజూ జరిగిపోయే దారి నాకు కావాలి. ఆ అవసరంతోనే కొన్నా, ఆ అవసరంతోనే మార్కులు వేస్తున్నా. పొద్దున తీరిక ఉన్నవాళ్ళకి ఇందులో సగం సంగతులు అక్కర్లేదు.

మొదటి పరీక్ష గ్రైండరే. రాళ్ళు తిరిగే చప్పుడులో ఇది వినపడుతుందా? వినపడుతుంది, చోటు చూసి పెడితే. స్టవ్ గట్టు మీద పెడితే సగం మాటలు పోయాయి, పైగా నూనె చిట్లి బటన్లు జిడ్డెక్కాయి. గోడ మూల గూట్లో, చెవి ఎత్తున పెట్టాక ప్రతి మాటా అందుతోంది. సౌండు చివరిదాకా పెంచితే గొంతు బొంగురుపోతుంది. ముప్పావు వంతు దగ్గర ఆపుకోవాలి.

కార్డుల్లో రెండు రకాలొస్తున్నాయి, కొనేటప్పుడు అడగండి. ఒకటి ఒక్క గొంతుతో సాఫీగా చదివింది. రెండోది నాటకం పద్ధతి: మనిషికో గొంతు, వెనక సంగీతం, గాలివాన, గుర్రాల పరుగు. మా ఆడపడుచు దగ్గర రెండోది ఉంది. రాత్రి మంచం మీద పడుకుని వింటే భలేగా ఉంటుంది. గ్రైండరు పక్కన మాత్రం సంగీతమూ రాళ్ళ చప్పుడూ కలిసి ఒకటే గోల. వంటింటికి ఒక్క గొంతుదే తీసుకోండి. గిరాకీ మొదలవకముందే ఆ రోజుది ముగించేస్తే ఇంకా మంచిది. గల్లాపెట్టె దగ్గర డబ్బులు పడ్డాయని అరిచే స్కానరు బాక్సు ఒకటుంది మాకు. యిర్మీయా యెరూషలేము కోసం ఏడుస్తుంటే మధ్యలో "నలభై రూపాయలు అందాయి" అంటుంది.

తెర మీద పుస్తకం పేరు రాదు, ఒట్టి అంకె. 1 నుంచి 1189 దాకా, బైబిల్లో ఎన్ని అధ్యాయాలో అన్ని. 612 అని వెలిగితే అది 134వ కీర్తన అని ఎవరికి తెలుస్తుంది? డబ్బాతోపాటు ఒక జాబితా కాగితం పెడితే సరిపోయేది, పెట్టలేదు. ఇంటర్ చదివే మా అబ్బాయి చేత లెక్క కట్టించి, అట్టముక్క మీద రాయించి వెనక అంటించా. ఇలాంటిదే కొన్నవాళ్ళకి పనికొస్తాయి, రాసుకోండి: నిర్గమకాండం 51, లేవీయకాండం 91, సంఖ్యాకాండం 118, ద్వితీయోపదేశకాండం 154, యెహోషువ 188, కీర్తనలు 479, సామెతలు 629, యెషయా 680, మత్తయి 930, మార్కు 958, లూకా 974, యోహాను 998, అపొస్తలుల కార్యములు 1019, ప్రకటన 1168. మన 66 పుస్తకాల బైబిలు వరసలో ఎక్కించిన కార్డు ఏదైనా ఇవే అంకెలు. కతోలిక బైబిల్లో 73 పుస్తకాలు కాబట్టి వాళ్ళకి మారిపోతాయి. సరిగ్గా నడిమధ్య ట్రాకు 595, అంటే 117వ కీర్తన. రెండే వచనాలు. అది వచ్చినప్పుడల్లా మా అత్తయ్య "అప్పుడే అయిపోయిందా, కరెంటు పోయిందేమో చూడమ్మాయ్" అంటుంది.

ఇన్ని వంకలు పెట్టినా దీన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే ఒక్క గుణానికి. చార్జింగు అయిపోయినా, పాలవాడు పిలిస్తే నేను మధ్యలో నొక్కేసి వెళ్ళినా, మళ్ళీ వేసినప్పుడు ఆపిన మాట దగ్గరే అందుకుంటుంది. ఇవాళ ఎంత తేదీ అన్నది దానికి పట్టదు. నిన్న వినలేదేమని అడగదు.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, రోజూ బైబిలు చదవాలనుకుని ఆగిపోయేవాళ్ళు ఎక్కువగా ఆగేది ఇక్కడేనని నా నమ్మకం. మా సంఘం పాస్టరు అయ్యగారు ప్రతి జనవరికీ ఏ రోజు ఏ అధ్యాయాలు చదవాలో చెప్పే ఒక పట్టిక పంచుతారు, మెక్‌చేన్ పట్టిక. స్కాట్లండులో డండీ అనే ఊళ్ళో పాస్టరుగా ఉన్న రాబర్ట్ ముర్రే మెక్‌చేన్ 1842లో తన సంఘం వాళ్ళ కోసం వేశాడు. మరుసటేడే, ఇరవై తొమ్మిదేళ్ళకే పోయాడాయన. రోజుకి నాలుగు చోట్ల నుంచి ఒక్కో అధ్యాయం చదవాలి. ఏడాది తిరిగేసరికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధనా కీర్తనలూ రెండేసి సార్లు అయిపోతాయి. ఎంతో ఆలోచించి వేసిన పట్టిక, కాదనను. అయ్యగారింట్లో అమ్మగారు దాన్ని ఏళ్ళ తరబడి తప్పకుండా చదువుతున్నారు. నా డబ్బా మీద మాత్రం సాగదు. జనవరి 1నే ఆదికాండం 1, మత్తయి 1, ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1 చదవాలి. అంటే 1, 930, 404, 1019. పిండి చేత్తో రిమోటు మీద ఆ నంబర్లు కొట్టి చూడండి!

అసలు చిక్కు గెంతడంలో కాదు, ప్రతి గడికీ తేదీ ఉండటంలో ఉంది. పెళ్ళి ఆర్డరు తగిలి రెండు రోజులు కుదరకపోతే ఎనిమిది అధ్యాయాల బాకీ. బాకీ పెరిగేకొద్దీ, అప్పిచ్చినవాడు వస్తున్నాడంటే వేరే సందులోకి తిరిగినట్టు, జనం ఆ కాగితాన్నే తప్పించుకు తిరుగుతారు. పట్టిక లేకుండా ఆదికాండం నుంచి వరసగా చదివేవాళ్ళదీ అదే కథ. 1189ని 365కి పంచితే రోజుకి మూడుంబావు అధ్యాయాలు. జనవరి 28కల్లా లేవీయకాండంలో పడతారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాదికి వచనం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకున్న ఉత్సాహం అప్పటికి చల్లారుతుంది, ఎదురుగా బలి పశువుల క్రొవ్వు, మూత్రగ్రంథులు, కుష్ఠు లక్షణాలు. మా స్త్రీల సమాజంలో చాలామంది బైబిళ్ళలో రిబ్బను అక్కడే ఉంటుంది.

చెవితో వింటే లేవీయకాండం అంత కష్టం కాలేదు నాకు. కన్ను అయితే అలిసిపోయి పేజీ తిప్పేస్తుంది. గూట్లో డబ్బా నన్నడక్కుండా చదువుకుంటూ పోతుంది. 92వ ట్రాకు, అంటే రెండో అధ్యాయం, వింటూ గరిటె ఆపేశాను. నైవేద్యం పొయ్యిలో కాల్చింది అయితే ఎలా ఉండాలి, పెనం మీద కాల్చింది అయితే ఎలా, కుండలో వండింది అయితే ఎలా అని చెప్పుకొస్తాడు. మెత్తని పిండి, నూనె. పులిసిందీ తేనే హోమంలో వెయ్యకూడదు. ఉప్పు లేకుండా ఏదీ పెట్టకూడదు. ఇదంతా మా పనే! ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఆ అధ్యాయం మీద ఒక్కరు మాట్లాడగా వినలేదు నేను.

దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో తొమ్మిది అధ్యాయాలు పేర్లే. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను. దాటేద్దామని రిమోటు తీస్తే అత్తయ్య ఒప్పుకోలేదు. ఆవిడకి చదువు రాదు. ఎవరైనా కొత్తవాళ్ళు కనిపిస్తే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగే మనిషి. "ఆగమ్మాయ్, ఎవరి కొడుకో చెప్తున్నాడు" అని ఉల్లిపాయలు తరుగుతూనే మొత్తం వింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ పల్లెకి మిషను బైబిల్ ఉమన్ వచ్చి అరుగు మీద కూర్చుని చదివేదట, ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని పప్పు చెరుగుతూ వినేవాళ్ళట. ఆవిడ మటుకు ఆవిడకి డబ్బా కొత్తేమీ కాదు.

వినడం చదవడం కిందికి వస్తుందా అని మా సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా నీటిగుమ్మం ఎదుట ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చదివాడు, జనం నిలబడి విన్నారు. వాళ్ళ చేతుల్లో పుస్తకాలు లేవు గదా అన్నా. అయితే ఆయన మాటలోనూ కొంత న్యాయం ఉంది. వింటుంటే గీత గీసుకోలేం. ఒక మాట తగిలినప్పుడు ఆగి వెనక్కి చూడాలనిపిస్తుంది. ఈ డబ్బాలో వెనక్కి పోవాలంటే అధ్యాయం మొదటికే పోతుంది, వచనం వచనం వెనక్కి రాదు. అది పెద్ద లోపం. అందుకని సాయంత్రం ఇడ్లీ పిండి పడేలోపు, పొద్దున విన్నవాటిలో ఒక్క అధ్యాయం మాత్రం బైబిల్ సొసైటీ వాళ్ళ పెద్ద అక్షరాల పుస్తకంలో పెన్సిలు పెట్టుకుని చదువుకుంటా. అన్ని రోజులూ కుదరదు. కుదరకపోయినా పొద్దుటిది పొద్దున అయిపోయింది కాబట్టి దిగులుండదు.

ఫోనులో ఉచితంగా వస్తుంటే డబ్బా ఎందుకని మీరు అడగొచ్చు. మా అబ్బాయీ అదే అన్నాడు. యూవర్షన్ యాపు మంచిదే. అమెరికాలో ఓక్లహోమాకి చెందిన లైఫ్ చర్చ్ వాళ్ళది, 2008 నుంచి ఉంది, డబ్బులడగదు, ప్రకటనలు రావు, తెలుగు అనువాదాలూ ఉన్నాయి. రకరకాల చదివే పట్టికలున్నాయి, వెనకబడితే తేదీల్ని జరిపే ఏర్పాటూ ఉంది. ఎన్ని రోజులు వరసగా తెరిచామో లెక్క కూడా చూపిస్తుంది. మావాడికి ఆ లెక్కంటే సరదా. నాకైతే దేవుడి దగ్గర హాజరు పట్టీ ఎందుకనిపిస్తుంది, అది నా పిచ్చి. ఫోను నాకు కుదరకపోవడానికి అసలు కారణం వేరు. నాలుగున్నర నుంచే పార్సిలు ఆర్డర్ల కాల్సు. ఫోను తీస్తే వాట్సాపు, వాట్సాపు తీస్తే అక్క కూతురి సీమంతం ఫోటోలు. డబ్బాకి ఫోన్లు రావు.

మిగతా లోపాలు చెప్పేస్తా. చార్జింగు పిన్ను పాత రకం, కొన్నాళ్ళకి వదులైంది, ఇప్పుడు తీగ వంచి పెడితేనే ఎక్కుతోంది. బ్యాటరీ మొదట్లో మూడు నాలుగు పొద్దులు వచ్చేది, ఇప్పుడు రెండు. 1189 తర్వాత ఆగకుండా పాటల్లోకి వెళ్ళిపోతుంది. ఆదికాండం ఒకటి దగ్గర వెనక్కి బటను నొక్కితే చిట్టచివరి పాట మొదలవుతుంది. నాలుగింటికి డప్పులతో పాట వచ్చి పక్కింటివాళ్ళు లేచారు. రిమోటుకి మేకూ దారమూ తప్పనిసరి. వారంటీ ఉందని నోటిమాటగా చెప్పారు గానీ రశీదు మీద ఏమీ రాయలేదు.

కొనేముందు స్టాలు దగ్గరే ఒక పని చెయ్యండి. ఏదో ఒక ట్రాకు పెట్టించి, సగంలో పూర్తిగా ఆపేసి, మళ్ళీ వేయించండి. ఆపినచోట అందుకుంటే తీసుకోండి. ఒకటో నంబరు నుంచి మొదలెడితే, ఎంత తక్కువకిచ్చినా వద్దు. చూడటానికి ఒకేలా ఉండే డబ్బాల్లో రెండు రకాలూ ఉన్నాయి. ఆడపడుచుది ఆ రెండో రకమే. రోజూ ఆదాము దగ్గర మొదలెట్టి నొక్కుకుంటూ రావడమే ఆవిడ పని.

ఐదుకి నాలుగు వేస్తున్నా. పిన్ను బాగుండి ఉంటే నాలుగున్నర. మళ్ళీ కూడికలు పెట్టినప్పుడు అత్తయ్య మంచం దగ్గరికి ఇంకోటి కొనాలి, నాటకం రకంది కావాలంటోంది. ఈసారి బేరానికి మా ఆయన్ని తీసుకుపోను.