వి ఆర్ ఎక్స్: పావుగంట చూద్దామని పెట్టి మొత్తం చూసేశా

రాక్ మ్యూజిక్ మనకి పెద్దగా ఎక్కదు, ఎక్స్ జపాన్ అనే జపాన్ రాక్ బ్యాండ్ పేరు కూడా ఎక్కడో విన్నట్టు గుర్తంతే, అయినా పడుకునే ముందు ఓ పావుగంట చూద్దామని పెట్టి గంటన్నర అలాగే కూర్చుండిపోయా. స్టీఫెన్ కైజాక్ 2016లో తీసిన డాక్యుమెంటరీ ఇది. 2014 అక్టోబర్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో షోకి ఈ బ్యాండ్ వాళ్ళు రెడీ అవుతుంటే మధ్యమధ్యలో పాత కథ చెప్తాడు.

కథ మామూలుగా లేదు బాబోయ్. డ్రమ్మర్ యోషికీకి పదేళ్ళప్పుడు నాన్న ఆత్మహత్య చేసుకున్నాడు, చిన్నప్పటి ఫ్రెండ్ టోషీతో కలిసి 1982లో బ్యాండ్ పెట్టాడు, నిక్కబొడుచుకున్న జుట్టూ మొహం నిండా మేకప్పూ వేసుకుని జపాన్‌ని ఊపేశారు. సరిగ్గా అప్పుడు ఆ టోషీయే ఒక కల్ట్‌లో, అంటే జనాన్ని గుడ్డిగా నమ్మించే గుంపులో పడి బ్యాండ్ వదిలేశాడు, 1997 డిసెంబర్ 31న టోక్యో డోమ్‌లో ఆఖరి షో, నాలుగు నెలలు గడిచాయో లేదో గిటారిస్ట్ హిడే చనిపోయాడు, 33 ఏళ్ళే. మళ్ళీ కలవడానికి 2007 దాకా పట్టింది. తనని ఎలా బ్రెయిన్‌వాష్ చేశారో టోషీ తన నోటితోనే చెప్పడం మాత్రం కదిలించేసింది నన్ను, ఇంత పెద్ద సింగర్ కూడా అలా ఎలా పడిపోయాడ్రా అనుకుంటూ చూశా.

యోషికీ మెడకి పట్టీ వేసుకుని డ్రమ్స్ వాయిస్తాడు, మెడ అరిగిపోయినా ఆపడు, వాయించీ వాయించీ అక్కడే కుప్పకూలిపోతాడు. ఇటు చూస్తే అదే మనిషి పియానో ముందు పసిపిల్లాడిలా మెత్తగా కూర్చుంటాడు. జనం చేతులు అడ్డంగా పెట్టి ఎక్స్ గుర్తు చూపిస్తూ అరుస్తుంటే మనకీ చేతులు లేస్తాయి, నిజంగా.

నచ్చనిది ఒకటే, ఇది బ్యాండ్ సినిమా కాదు, యోషికీ సినిమా. గిటారిస్టులు పాటా, సుగిజో లాంటోళ్ళు ఏదో అతిథుల్లా వచ్చి వెళ్ళిపోతారు, 1992లో అప్పటి బేసిస్ట్ టైజీని ఎందుకు పంపేశారో సరిగా విప్పి చెప్పరు, అక్కడ నాకు చిరాకేసింది. మార్వెల్ కామిక్స్ స్టాన్ లీ, కిస్ బ్యాండ్ జీన్ సిమన్స్ వచ్చి పొగిడే ముక్కలు తీసేసి ఒక్క పాటైనా పూర్తిగా వినిపిస్తే ఏం పోయేది! వీళ్ళ 29 నిమిషాల పాట ఆర్ట్ ఆఫ్ లైఫ్ నేను తర్వాత విడిగా వెతుక్కుని విన్నా.

చావులు ఎక్కువ, ఈ మధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నోళ్ళు ఇప్పుడే పెట్టుకోకండి. బేస్ వాయించే హీత్ కూడా 2023లో పోయాడు, స్టేజ్ మీద పక్కగా నిలబడి ఉంటాడు చూడండి, ఆయన్ని కెమెరా పెద్దగా పట్టించుకోలేదు.