వేమత్‌లో గాలం: గట్టు మీదా, పడవలోనా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో గాలం వేయాలని ఎవరు అడిగినా నేను ముందు చెప్పే పేరు వేమత్. లండన్ వాటర్లూ నుంచి నేరుగా రైలుంది, మూడు గంటల్లోపే దింపేస్తుంది. సముద్రంలో గాలానికి లైసెన్సు అక్కర్లేదు. బాస్ చేప మాత్రం 42 సెంటీమీటర్లకు తగ్గితే తిరిగి నీళ్లలో వదిలేయాలి. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చన్న లెక్క మారుతుంటుంది, వెళ్లేముందు చూసుకోండి.

నా మనసు దోచింది వేమత్ పక్కనున్న చెసిల్ బీచ్. 29 కిలోమీటర్ల గులకరాళ్ల గట్టు. పడమటి కొసన బఠాణీ గింజంత ఉన్న రాళ్లు తూర్పు కొసన పోర్ట్‌లాండ్ చేరేసరికి గుప్పెడంత అవుతాయి. ఆ చివర గట్టు ఏటవాలుగా దిగిపోతుంది కాబట్టి ఒడ్డు పక్కనే లోతు. దూరం విసరడం రాని కొత్తవాళ్లకూ చేప అందుతుంది. వేసవి సాయంత్రాల్లో మాకెరల్ గుంపులు (మన కానాగంతకు చుట్టాలే) చిన్న చేపల్ని తరుముకుంటూ ఒడ్డుదాకా వస్తాయి. నీటిపైన ఆ చిన్నవి ఎగిరిపడుతున్న చోట ఈకలు కట్టిన గాలాలు వేస్తే ఒక్క లాగుకే రెండు మూడు పడతాయి. నైరుతి గాలి జోరుగా ఉన్న రోజు మాత్రం అటు వెళ్లకండి. వెనక్కి పోయే అల కాళ్ల కింది రాళ్లను లాగేస్తుంది, పైకి ఎక్కడం కష్టం.

పడవలు ఊళ్లోని హార్బర్ నుంచే బయల్దేరతాయి. మేం వెళ్లింది సముద్రం అడుగునున్న షాంబుల్స్ అనే ఇసుక దిబ్బ మీదికి. ఇంజిన్ ఆపి పడవను నీటివాలుకు వదిలేస్తారు. సీసం గుండు అడుగున రాసుకుంటూ పోతుంటే దిబ్బ ఎక్కుతోందో దిగుతోందో వేలికి తెలిసిపోతుంది. టర్బట్ (బల్లపరుపు చేప) ఎర అందుకోగానే గుంజకూడదు, కాస్త దారం వదలాలి. పడవ నడిపే ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి ఇది చేసి చూపించాడు. నన్నడిగితే మనం కట్టే డబ్బుకు అసలు విలువ అదే. గాలికి ట్రిప్ రద్దయితే డబ్బు వాపసిస్తారా, వేరే రోజు తీసుకెళ్తారా అన్నది బుక్ చేసేముందే అడగండి. పడమటి గాలికి రద్దయినా హార్బర్ నోటి దగ్గరి స్టోన్ పియర్ ఉంది. అక్కడ రాళ్లను ఆనుకుని దించితే రాస్ చేపలు కొరుకుతాయి.

బసకు ఎస్ప్లనేడ్ (సముద్రం ఒడ్డు రోడ్డు) వెంబడి బోలెడు చోట్లున్నాయి. నేను దిగిన చోట గది శుభ్రమే గానీ ఎర పెట్టుకోవడానికి ఫ్రిజ్‌లో చోటివ్వలేదు. తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ కట్టిస్తారేమో కూడా కనుక్కోండి.

రెండింట్లో ఒకటే వీలైతే పడవ వదులుకుంటాను, చెసిల్ వదులుకోను. పిల్లలుంటే వాళ్లను ఊరి ముందున్న ఇసుక బీచ్‌లోనే ఆడుకోనివ్వండి.