టిన్‌టిన్ మళ్ళీ మొదలుపెట్టాలంటే: పుస్తకమా, సీరియలా, స్పీల్‌బర్గ్ సినిమానా?

చిన్నప్పుడు లైబ్రరీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో దొరికిన టిన్‌టిన్‌ని (కుర్ర విలేకరి సాహసాల బొమ్మల కథల్ని) నలభైల్లో మళ్ళీ వెతుక్కునేవాళ్ళు ఎక్కువే. వాళ్ళ సందేహం ఒకటే: బెల్జియం చిత్రకారుడు ఎర్జే గీసిన అసలు పుస్తకాలు కొనాలా, 1991 నాటి యానిమేషన్ సీరియల్ చాలా, 2011లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమాతో సరిపెట్టుకోవచ్చా?

సినిమాని తీసిపారేయలేం. మూడు పుస్తకాల్ని కలిపి ఒక్క కథ చేశారు. పుస్తకంలో ఓడ బొమ్మలు పోగేసుకునే మామూలు మనిషి సఖరీన్ ఇందులో విలన్ అయ్యాడు. అసలు దొంగలైన బర్డ్ సోదరులు ఎగిరిపోయారు. దానిమీద నాకు పేచీ లేదు. బాగర్ ఊళ్ళో డేగని తరిమే మోటార్‌సైకిల్ ఛేజ్ రెండు నిమిషాలకు పైగా ఎక్కడా కట్ లేకుండా సాగుతుంది. కాగితం మీద అది ఎవరివల్లా కాదు. తర్వాత వచ్చే క్రేన్ల కత్తియుద్ధం మాత్రం మితిమీరింది. అక్కడ కాసేపు ఫోన్ చూసుకున్నా నష్టం లేదు.

పుస్తకానికీ సినిమాకీ తేడా తెలియాలంటే టిన్‌టిన్ స్నేహితుడు కెప్టెన్ హాడాక్ తన పూర్వీకుడి సముద్రయుద్ధం చెప్పే ఘట్టం చూడండి. సినిమాలో అది సహారాలో జరుగుతుంది. ఇసుక దిబ్బలు అలలై, వాటిమీదనుంచి ఓడ దూసుకొస్తుంది. కళ్ళు చెదురుతాయి. పుస్తకంలో అదే ఘట్టం కెప్టెన్ ఇంటి హాల్లో. పాత టోపీ పెట్టుకుని, కత్తి ఝళిపిస్తూ, సామాను చితక్కొడుతూ కథ చెబుతుంటాడు. ఒక గడిలో ఓడ మీద తాత, పక్క గడిలో అదే భంగిమలో మనవడు. చివరికి మనవడి తల తాతగారి పటాన్ని చించుకుని బయటికొస్తుంది. చిన్నప్పుడు నవ్వి పేజీ తిప్పేస్తాం. ఇప్పుడైతే అక్కడ ఆగి, ఎర్జే ఆ రెండు కాలాల్ని ఎంత తేలిగ్గా కుట్టేశాడో చూస్తాం. అలా ఆగే వీలు సినిమా ఇవ్వదు.

సీరియల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 39 ఎపిసోడ్లు, చాలా కథలు రెండేసి భాగాలు, గడులు చాలాచోట్ల పుస్తకంలో ఉన్నట్టే దిగాయి. కాంగో కథ అందులో లేదు. ఆఫ్రికన్లను ఆ పుస్తకంలో చూపించిన తీరు పెద్దయ్యాక చదివితే సిగ్గేస్తుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడ్డానికి సీరియలే సుఖం. మనం ఒక్కళ్ళమే అయితే, పుస్తకం చదివేశాక ఇందులో కొత్తగా దొరికేది తక్కువ.

ఇక 'టిన్‌టిన్ ఇన్ టిబెట్' కథ. ఇక్కడ నేను పుస్తకం తప్ప ఇంకోటి ఒప్పుకోను. కథలో విలనే లేడు. హోటల్లో చదరంగం ముందు కునికిపాట్లు పడుతున్న టిన్‌టిన్ 'చాంగ్' అని అరుస్తాడు, అందరూ ఉలిక్కిపడతారు. విమాన ప్రమాదంలో పోయాడని అందరూ అనుకున్న స్నేహితుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. దారిలో ఢిల్లీలో కుతుబ్ మినార్, ఎర్రకోట, రోడ్డుకడ్డంగా పడుకున్న ఆవుతో హాడాక్ తిప్పలు. ఇవన్నీ పిల్లలకీ నచ్చుతాయి. పెద్దవాళ్ళకి తగిలేది వేరు. చాంగ్‌కి మూలం జాంగ్ చోంగ్రెన్, 1934లో బ్రస్సెల్స్‌లో ఎర్జేకి పరిచయమైన చైనా విద్యార్థి. అతను చైనా వెళ్ళిపోయాక ఏళ్ళ తరబడి జాడ తెలీలేదు. ఆ వెతుకులాట మధ్యలో, సొంత జీవితం అతలాకుతలమైన రోజుల్లో, 1958–59లో ఎర్జే గీసిన కథ ఇది. ఇద్దరూ మళ్ళీ కలిసింది 1981లో.

కొండ అంచున తాడుకి వేలాడుతూ, టిన్‌టిన్ బతకాలని తన తాడు తానే కోసుకోబోతాడు హాడాక్. తెరమీదైతే ఎంతసేపు భయపడాలో సంగీతమే నిర్ణయిస్తుంది. పుస్తకంలో మంచు తెలుపు, రెండు చిన్న బొమ్మలు, ఒక తాడు. ఎంతసేపు చూడాలన్నది మన ఇష్టం.

కాబట్టి ముందు టిబెట్ కొనండి. తర్వాత, హాడాక్ సముద్రయుద్ధం చెప్పే 'సీక్రెట్ ఆఫ్ ది యూనికార్న్', దాని రెండో భాగం 'రెడ్ రాకమ్స్ ట్రెజర్' చదివి, అప్పుడు సినిమా పెట్టుకోండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో పోల్చుకోవడంలోనే సగం మజా ఉంది. అక్కడితో ఆగలేకపోతే 'కాస్టఫియోరె ఎమరాల్డ్' అనే ఇంకో టిన్‌టిన్ పుస్తకం చదవండి. సాహసం లేదు, ప్రయాణం లేదు, ఇల్లు కదలకుండా 62 పేజీలు. విరిగిన మెట్టు బాగుచేసే మేస్త్రీ ఎంతకీ రాడు, వచ్చిన చుట్టం ఎంతకీ పోదు. సొంతిల్లు కట్టించుకున్న ఎవరికైనా ఆ మేస్త్రీ బాగా తెలుసు.